గుండె రాయి చేసుకోమనే సలహాకు నా అభ్యంతరం

రోగులను, వృద్ధులను చూసుకోవడం వృత్తిగా ఎంచుకొని కొత్తగా పనిలో చేరినవారికి తొలి నెలలోనే ఒక సలహా అందుతుంది. "గుండె రాయి చేసుకోకపోతే ఈ పనిలో నిలబడలేవు" అని సీనియర్లు చెబుతారు, సూపర్‌వైజర్లు చెబుతారు, ఒక్కోసారి రోగి బంధువులే జాలిపడి చెబుతారు. చెప్పేవారి ఉద్దేశంలో లోపం లేదు. మనుషుల బాధను రోజూ దగ్గర నుంచి చూసేవారు ఎలా కుంగిపోతారో వారికి తెలుసు కాబట్టే, తమకు పనికొచ్చిందనుకున్న మాటను వెనుక వచ్చేవారికి అందిస్తున్నారు. అయినా నేను ఈ సలహాను వ్యతిరేకిస్తున్నాను. చాలా ఏళ్లు ఇళ్లలోనూ వృద్ధాశ్రమాలలోనూ మంచాన పడినవారికి సేవ చేసి, ఇప్పుడు అదే పనిలోకి వచ్చేవారికి శిక్షణ ఇస్తున్న మనిషిగా నేను గ్రహించినది ఇది: రోగి మీద కలిగే అభిమానం సంరక్షకుల మనసును అరగదీయదు. ఆ అభిమానంతో చేయవలసిన పనిని చేయనివ్వని పరిస్థితులు, ఆ తర్వాత మిగిలే దుఃఖాన్ని ఎక్కడా చెప్పుకోనివ్వని పద్ధతులు అరగదీస్తాయి. రాయివి కమ్మనే సలహా ఆ రెండింటినీ ముట్టుకోకుండా వదిలేసి, బరువంతా సంరక్షకుల నెత్తిన పెడుతుంది.

ముందు ఈ పని ఎలాంటిదో దగ్గరగా చూడాలి. పక్షవాతంతో ఒకవైపు చచ్చుబడి, మింగడం కష్టమైన మనిషికి భోజనం తినిపిస్తుంటే బయటివారికి చెంచా నోటికి అందించడం మాత్రమే కనిపిస్తుంది. చేసేవారు మాత్రం ముందుగా ఆ మనిషిని నిటారుగా కూర్చోబెట్టాలి, చెంచాలో సగమే తీసుకోవాలి, పెదవులు మూసుకున్నాయో లేదో చూడాలి, గొంతు దగ్గర కదలిక పైకి లేచి కిందికి దిగేదాకా చూపు తిప్పకుండా ఆగాలి, చచ్చుబడిన వైపు బుగ్గలో ముద్ద నిలిచిపోయిందేమో గమనించాలి, మాట్లాడినప్పుడు గొంతులో తడి గరగర వినిపిస్తే వెంటనే ఆపాలి. తొందరపడితే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. ఈ జాగ్రత్తలన్నీ కాగితం మీద రాసి గోడకు అంటించవచ్చు. కానీ నిన్నటికంటే ఇవాళ ఆమె ఆలస్యంగా మింగుతోందని, తల తిప్పుకోవడం కడుపు నిండినందుకు కాదని, భయపడినందుకని పట్టుకోవాలంటే ఆ ముఖాన్ని తెలిసిన మనిషి కావాలి. అంత శ్రద్ధగా ఒకరి ముఖాన్ని రోజుల తరబడి చూస్తూ, వారి మీద ఏ భావమూ కలగకుండా ఉండడం సాధ్యమని నేను అనుకోను. ఈ వృత్తిలో నైపుణ్యమూ మమకారమూ ఒకే చోట పుడతాయి. ఒకదాన్ని ఆర్పేసి రెండోదాన్ని వెలిగించి ఉంచుకోమనడం కుదిరే పని కాదు.

మనసును దూరం పెట్టే పద్ధతిని ఒక పెద్ద ఆసుపత్రి మొత్తంగా అమలుచేస్తే ఏమవుతుందో చూపించిన అధ్యయనం ఒకటుంది. ఇసబెల్ మెంజీస్ అనే మానసిక విశ్లేషకురాలు లండన్‌లోని ఒక బోధనాసుపత్రిలో నర్సుల పనితీరును పరిశీలించి 1960లో ఆ వివరాలు ప్రచురించారు. అక్కడ ఏ నర్సూ ఒక రోగిని పూర్తిగా చూసుకొనే వీలు లేకుండా, ఒక్కొక్కరూ చాలామందికి ఒకటి రెండు చిన్న పనులు మాత్రమే చేసేలా బాధ్యతలను ముక్కలు చేశారు. రోగిని పేరుతో కాక, మంచం నంబరుతోనో జబ్బు పేరుతోనో, పదో మంచం మీది లివర్ అన్నట్టుగా, ప్రస్తావించేవారు. శిక్షణలో ఉన్న నర్సింగ్ విద్యార్థినులను ఒక వార్డు నుంచి మరో వార్డుకు తరచుగా మార్చేవారు, దానితో ఎవరితోనూ అనుబంధం ఏర్పడేది కాదు. ఇదంతా సిబ్బందిని ఆందోళన నుంచి కాపాడేందుకు తెలియకుండానే కట్టుకున్న రక్షణ వ్యవస్థ అని ఆమె విశ్లేషించారు. ఆ రక్షణ పని చేయలేదన్నది అంతకంటే ముఖ్యమైన విషయం. శిక్షణలో చేరినవారిలో దాదాపు మూడో వంతు మంది మధ్యలోనే వెళ్లిపోయేవారు, వెళ్లిపోయినవారిలో పరిణతి గలవారు, వృత్తిలో ఎదగగలవారు తరచుగా ఉండేవారని ఆమె గుర్తించారు. మనుషులను చూసుకోవాలని వచ్చినవారికి మనుషులను చూసుకొనే తృప్తే దక్కకుండా చేస్తే వారు ఎందుకు ఉంటారు?

ఈ వాదనకు మరో ఆధారం బర్నవుట్ గురించి, అంటే పని ఒత్తిడితో మనిషి లోలోపల అరిగిపోయే స్థితి గురించి, జరిగిన పరిశోధనలోనే ఉంది. న్యూయార్క్‌లో ఉచిత క్లినిక్‌లో పనిచేసిన మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ తనలోనూ తోటి స్వచ్ఛంద కార్యకర్తలలోనూ కనిపించిన నిస్సత్తువను వివరిస్తూ 1974లో ఆ మాటను వైద్య రచనల్లోకి తెచ్చారు. 1981లో క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ దాన్ని కొలిచే ప్రశ్నావళిని ప్రచురించారు. అందులో మూడు లక్షణాలను కొలుస్తారు: భావోద్వేగపరమైన అలసట, తాను చేసే పనికి విలువ లేదనిపించడం, సేవ పొందే మనిషిని మనిషిగా చూడలేకపోవడం. ఈ మూడోది ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. కొత్తవారికి ముందుజాగ్రత్తగా మనం నూరిపోస్తున్న మొద్దుబారినతనమే అక్కడ బర్నవుట్ లక్షణాల జాబితాలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదం పొంది 2022 నుంచి అమల్లోకి వచ్చిన వ్యాధుల వర్గీకరణలో కూడా పని పట్ల మానసికంగా దూరం పెరగడాన్ని, ప్రతికూల భావాన్ని బర్నవుట్ గుర్తులలో ఒకటిగా పేర్కొంది. అదే వర్గీకరణ బర్నవుట్‌ను జబ్బుగా కాక, అదుపు చేయకుండా వదిలేసిన దీర్ఘకాలిక పని ఒత్తిడి నుంచి వచ్చే వృత్తి సంబంధమైన పరిస్థితిగా చెప్పింది. సంరక్షకులు కుంగిపోయినప్పుడు వారి మనోబలాన్ని తప్పుపట్టే ముందు, వారు పనిచేసే చోటును పరిశీలించవలసిన అవసరం ఈ ఒక్క నిర్ణయంతోనే తేటతెల్లమవుతుంది.

నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది, దానికి నిజాయితీగా బదులివ్వాలి. రోగితో పాటు ఏడ్చేవారు, రోగి నొప్పిని తమ ఒంటి మీదికి తెచ్చుకొనేవారు త్వరగా దెబ్బతినడం మనం చూడటం లేదా? చూస్తున్నాం. అయితే ఒకరి బాధను మోయడం వేరు, ఒకరి బాధ తగ్గాలని కోరుకుంటూ దగ్గరుండడం వేరు. టానియా సింగర్, ఓల్గా క్లిమెకి, వారి సహచరులు 2014లో ప్రచురించిన ప్రయోగంలో పాల్గొన్నవారికి మొదట ఎదుటివారి బాధను తామూ అనుభవించే శిక్షణ ఇచ్చారు. బాధితుల దృశ్యాలు చూసినప్పుడు వారిలో ప్రతికూల భావాలు పెరిగాయి. తర్వాత అదే వ్యక్తులకు కరుణను, ఎదుటివారి మేలు కోరే భావాన్ని పెంచే శిక్షణ ఇస్తే, ప్రతికూల భావాలు తగ్గి సానుకూల భావాలు పెరిగాయి. మెదడులో చురుకైన ప్రాంతాలు కూడా రెండు సందర్భాలలో వేరువేరుగా కనిపించాయి.

ప్రయోగశాలలో తేలిన ఈ తేడా మంచం పక్కన ఎలా ఉంటుందో నేను చెప్పగలను. తుంటి విరిగిన ఒక పెద్దాయనను పక్కకు తిప్పిన ప్రతిసారీ ఆయన పెట్టే కేకకు నాతో పాటు పనిచేసే ఒకమ్మాయి భుజాలు బిగుసుకుపోయేవి, ఆ కేక త్వరగా ఆగాలన్న ఆత్రంలో ఆమె చేతులు వేగం పెంచేవి, వేగం పెరిగేకొద్దీ ఆయనకు నొప్పి ఎక్కువయ్యేది. మేమిద్దరం కూర్చొని ఆ పనిని మళ్లీ పేర్చుకున్నాం. డాక్టరుతో మాట్లాడి నొప్పి మాత్రను తిప్పడానికి తగినంత ముందుగా ఇచ్చే ఏర్పాటు చేశాం. "ఇప్పుడు మోకాళ్ల మధ్య దిండు పెడుతున్నాను తాతగారూ, ఇప్పుడు నా చేయి మీ నడుం కింద ఉంది, మీరు ఊపిరి వదిలినప్పుడు తిప్పుతాను" అని ప్రతి కదలికకూ ముందు ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఆయన కేక పూర్తిగా పోలేదు. కానీ ఆమె భుజాలు వదులయ్యాయి, ఎందుకంటే ఆ బాధ విషయంలో ఆమె చేతులకు ఒక పని దొరికింది. ఆమె రాయి కాలేదు, ఆయనకు ఇంకా దగ్గరైంది. అయితే ఇందులోంచి తేలికైన పాఠం తీయవద్దని నా మనవి. డాక్టరు మా మాట విన్నారు కాబట్టి, తిప్పడానికి ఇద్దరం ఉన్నాం కాబట్టి అది సాధ్యమైంది. ఒక్కతే ఉండి, మందు మార్చమని అడిగే అధికారం లేకపోతే ఆమె కరుణ ఆమెనే కాల్చివేసేది.

సరిగ్గా ఇక్కడే అసలు గాయం ఉంది. ఏది సరైనదో తెలిసి కూడా దాన్ని చేయనివ్వని పరిస్థితిలో నర్సులు పడే వేదనను 1984లో ఆండ్రూ జేమ్‌టన్ అనే తత్వవేత్త నైతిక వేదనగా గుర్తించారు. కదలలేని మనిషి ఒత్తిడి పుండ్లు పడకుండా ఉండాలంటే క్రమం తప్పకుండా, తరచుగా ఒత్తిగిలేలా చేయాలి. రాత్రి షిఫ్టులో ఒక్కరే ఉండి, మంచాలు నిండా ఉన్నప్పుడు లెక్క వేసి చూడండి, చివరి మంచం దగ్గరికి వచ్చేసరికి మొదటి మంచం వంతు ఎప్పుడో దాటిపోతుంది. తెల్లవారి దుప్పటి తీసినప్పుడు వెన్ను చివర ఎర్రటి మచ్చ కనిపిస్తుంది, వేలితో నొక్కితే ఆ ఎరుపు మాయం కాదు. దాని అర్థం ఏమిటో సంరక్షకురాలికి తెలుసు. అది ఎందుకు వచ్చిందో తెలుసు, తాను ఒళ్లు దాచుకోలేదని తెలుసు, అయినా ఆ మచ్చ ఇంటికి ఆమె వెంటే వస్తుంది. అటువంటి రాత్రి తర్వాత ఆమెకు శ్వాస వ్యాయామాల కరపత్రం చేతిలో పెట్టడం అవమానమని నేను గట్టిగా అంటాను. శ్వాస వ్యాయామం మంచిదే. కానీ ఆమె అడుగుతున్నది రాత్రికి ఇంకొక మనిషిని.

ఇళ్లలో ఉండి పనిచేసేవారి సంగతి ఇంకా చెప్పాలి, ఎందుకంటే వారి పనికి తలుపు లేదు. రోగి గదిలోనే పక్క వేసుకొని పడుకొనే మనిషికి నిద్ర అంటే సగం చెవితో వింటూ కళ్లు మూసుకోవడం. మంచం కర్ర కిరకిరలాడినా, దగ్గు వినిపించినా, దగ్గు వినిపించకపోయినా మెలకువ వస్తుంది. "రాత్రంతా పడుకునే ఉందిగా" అని కుటుంబం లెక్క వేసే గంటలు ఆమె శరీరం లెక్కలో డ్యూటీ గంటలే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒప్పందం ఇళ్లలో పనిచేసేవారికి వారానికి కనీసం 24 గంటలు వరుసగా విశ్రాంతి ఉండాలని చెబుతోంది. తన సమయాన్ని తన ఇష్టప్రకారం వాడుకొనే స్వేచ్ఛ లేకుండా, పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉండవలసిన సమయాన్ని కూడా ఆయా దేశాల చట్టాలు నిర్ణయించిన మేరకు పని గంటలుగానే పరిగణించాలని అదే ఒప్పందంలోని పదో అధికరణం అంటోంది. అన్ని దేశాలూ దీన్ని ఆమోదించలేదు, ఆమోదించిన చోట కూడా ఇంటి నాలుగు గోడల మధ్య అమలును చూడటానికి వచ్చేవారు అరుదు. అదే సంస్థ 2018లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో సంరక్షణ రంగంలో పనిచేసేవారు 38 కోట్ల పైచిలుకు, వారిలో దాదాపు 25 కోట్ల మంది స్త్రీలు. ఇంతమంది నిద్రను ఎవరికి వారి ఓర్పుకు సంబంధించిన విషయంగా వదిలేయడం అన్యాయం. నిద్ర చాలని మనిషికి చిరాకు త్వరగా వస్తుంది, జాలి ఆలస్యంగా వస్తుంది. అది స్వభావం లోపంగా కనిపిస్తుంది, నిజానికి అది శరీరం లోటు.

చిరాకు గురించి అన్నాను కాబట్టి కోపం గురించి కూడా చెప్పాలి, మన వృత్తిలో దీన్ని ఎవరూ నోరు తెరిచి మాట్లాడరు. డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తీ ఆలోచనా క్షీణించే జబ్బు, ఉన్నవారు తమను చూసుకొనే మనిషినే దొంగ అనవచ్చు, స్నానం చేయించేటప్పుడు గోళ్లతో రక్కవచ్చు, అడిగిన ప్రశ్ననే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అడగవచ్చు. అది జబ్బు చేయిస్తున్న పని అని తెలిసినంత మాత్రాన రక్కిన చోట మంట తగ్గదు. పైకి చిరునవ్వు నిలబెట్టుకుంటూ లోపలి భావాన్ని అణచుకోవడం కూడా ఒక శ్రమేనని, జీతం కోసం చేసే పనిలో భాగమేనని 1983లో సామాజికవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ వివరించారు. ఆమె ఎక్కువగా విమానాల్లో పనిచేసే సిబ్బందిని గమనించి రాశారు, కానీ సంరక్షకులకు ఆ మాట అక్షరాలా వర్తిస్తుంది. నేను కొత్తవారికి మొదటి వారంలోనే చెబుతాను: కోపం వస్తుంది, రావడం పాపం కాదు. రోగి పడిపోయే ప్రమాదం లేకుండా చూసి, రెండు నిమిషాలు గది బయటికి వెళ్లండి. జరిగినదాన్ని రికార్డులో ఉన్నదున్నట్టు రాయండి. షిఫ్టు మారేటప్పుడు, హ్యాండోవర్‌లో, "ఈ రోజు నాకు చాలా కోపం వచ్చింది" అని మరొకరితో పైకి అనండి. చెప్పుకోని కోపం చేతుల్లోకి దిగుతుంది. తువ్వాలుతో ఒళ్లు తుడిచే తీరులో, దుప్పటి లాగే తీరులో అది బయటపడుతుంది, అప్పుడు దాని దెబ్బ తినేది నోరు లేని మనిషి. కాబట్టి సంరక్షకులు మనసు విప్పి మాట్లాడుకొనే చోటు ఉండాలనడం వారి మీద దయతో అడుగుతున్నది మాత్రమే కాదు, రోగి భద్రత కోసం కూడా.

అన్నింటికంటే తక్కువగా మాట్లాడుకొనేది మరణం తర్వాతి రోజుల గురించి. నేను చూసుకొన్న ఒకావిడ జ్ఞాపకం చెదిరిపోయి నన్ను తన చెల్లెలు అనుకొనేవారు, ఆ పేరుతోనే పిలిచేవారు, నేను పలికేదాన్ని. ఆవిడ చనిపోయిన రోజు కుటుంబం నాతో మర్యాదగానే ప్రవర్తించింది. జీతం బాకీ లేకుండా ఇచ్చారు, చేతులు పట్టుకొని కృతజ్ఞతలు చెప్పారు. సాయంత్రానికి నా సంచీ సర్దుకోవాలి, ఎందుకంటే ఆ ఇంట్లో నేను ఉండవలసిన కారణం ఇక లేదు. ఒకటి రెండు రోజుల్లోనే ఏజెన్సీ నుంచి ఫోను, కొత్త ఇల్లు, కొత్త మంచం, కొత్త ముఖం. ఆవిడ మందు వేసే వేళకు ఆ తర్వాత చాలాకాలం నాకు మెలకువ వచ్చేది, లేచి కూర్చున్నాక ఎవరికి వేయాలో గుర్తొచ్చేది. నేను బంధువును కాను, కాబట్టి నన్ను పరామర్శించవలసిన అవసరం ఉందని ఎవరికీ తోచలేదు, అడగవచ్చని నాకూ తోచలేదు. సమాజం దుఃఖంగా గుర్తించని ఇటువంటి దుఃఖాన్ని, దాన్ని బాహాటంగా పంచుకొనే హక్కు దక్కని స్థితిని, కెన్నెత్ డోకా 1989లో వివరంగా రాశారు. వృత్తి సంరక్షకుల జీవితంలో ఇది ఒక్కసారి జరిగి పోయేది కాదు. ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోతారు, పాతదానికి కన్నీరు పెట్టకముందే కొత్తది వస్తుంది. ఇలా పేరుకొన్న దుఃఖమే కొన్నేళ్ల తర్వాత రాతి ముఖంలా కనిపిస్తుంది. ఆ రాతి ముఖాన్ని చూసి కొత్తవారు ఈ వృత్తికి అదే అర్హత అని భ్రమపడతారు.

దీనికి మార్గాలు తెలియక కాదు. కొన్ని ఆసుపత్రుల్లో రోగి మరణించిన వెంటనే అక్కడున్న సిబ్బంది అంతా ఒక నిమిషం మౌనంగా నిలబడి, ఆ మనిషి ఒక జీవితం జీవించిన మనిషి అని తలచుకొని, తర్వాతే తమ పనులకు వెళతారు. ఖర్చు లేని పని, వార్డు ఏదైనా చేయవచ్చు. ఇంకొంచెం ఏర్పాటు అవసరమైనది ష్వార్ట్స్ రౌండ్స్ అనే పద్ధతి. బోస్టన్‌లో ఆరోగ్య రంగ న్యాయవాదిగా ఉన్న కెన్నెత్ ష్వార్ట్స్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1995లో మరణించారు. చికిత్స కాలంలో తనను చూసుకొన్నవారి చిన్న చిన్న ఆదరణలే భరించలేనిదాన్ని భరించగలిగేలా చేశాయని భావించి, మరణానికి ముందు ఆయన స్థాపించిన కేంద్రం నుంచి ఈ సమావేశాలు పుట్టాయి. డాక్టర్లు, నర్సులు, అటెండర్లు, శుభ్రం చేసేవారు ఒకచోట కూర్చొని, ఏ మందు ఎందుకిచ్చారన్నది పక్కనపెట్టి, ఆ రోగిని చూసుకోవడం తమకు ఎలా అనిపించిందో చెప్పుకొంటారు. పరిష్కారాలు వెతకరు. అక్కడ తప్పొప్పుల విచారణ ఉండదు. ఇది వింటే చాలా చిన్న విషయంలా ఉంటుంది కానీ, తన పక్కవాడికి కూడా రాత్రి నిద్ర పట్టలేదని తెలుసుకోవడంలో ఉన్న ఊరటను అనుభవించినవారు చిన్నది అనరు.

సంరక్షకులు తమంతట తాము చేసుకోగలిగినవి కూడా ఉన్నాయి, నేను వాటిని కాదనను. ఇంటికి రాగానే బట్టలు మార్చుకొని ఆ రోజును అక్కడితో ముగించడం, సెలవు రోజున రోగి కుటుంబం ఫోనుకు వెంటనే బదులివ్వకపోవడం, ఈ వృత్తితో సంబంధం లేని ఒక స్నేహాన్ని నిలుపుకోవడం అందరికీ మేలు చేస్తాయి. రెండు వారాలకు మించి దిగులు వీడకపోయినా, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి చచ్చిపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు, వెంటనే ఎవరికైనా చెప్పి సాయం తీసుకోండి. డిప్రెషన్ బర్నవుట్ కంటే వేరైనది, దానికి చికిత్స ఉంది, సెలవు పెడితే దానంతట అది పోతుందని కూర్చోవడం ప్రమాదం.

కానీ వీటి బరువు పెరిగేకొద్దీ యజమానుల బరువు తగ్గకూడదన్నది నా పట్టుదల. అందుకే ఇంట్లో ఉండి చేసే పనికి వెళ్లేముందు నా దగ్గర శిక్షణ పొందినవారు కుటుంబాన్ని కొన్ని ప్రశ్నలు అడిగేలా చూస్తున్నాను. రాత్రి లేవవలసి వస్తే మర్నాడు నేను ఎప్పుడు పడుకోవాలి? వారంలో ఒక రోజు నా బదులు ఎవరు వస్తారు, వారి పేరేమిటి? రోగి నన్ను కొడితే నేను ఎవరికి చెప్పాలి? మందు విషయంలో సందేహం వస్తే డాక్టరుతో నేరుగా మాట్లాడవచ్చా? రోగి చివరి రోజుల్లో ఉన్నప్పుడు నన్ను పంపించేస్తారా, వీడ్కోలు చెప్పనిస్తారా? ఏజెన్సీని అడగవలసినది ఒకటి వేరుగా ఉంది: ఒక మరణం తర్వాత కొత్త పనికి ఎన్నాళ్లు ఆగవచ్చు, ఆ రోజులకు జీతం ఉంటుందా? ఈ ప్రశ్నలు విని విసుక్కొని, ఇంకెవరినైనా చూసుకొంటామని వెళ్లిపోయే కుటుంబాలు ఉన్నాయి. ఇప్పటిదాకా తాము వీటి గురించి ఆలోచించలేదని ఒప్పుకొని, కాగితం కలం తీసుకొని కూర్చొనే కుటుంబాలు కూడా ఉన్నాయి. మొదటిసారి పనికి వెళ్లేవారిని నేను ఈ రెండో రకం ఇళ్లకే పంపుతున్నాను.